మీకు తెలుసా? ఏడాది చెబితే ‘హ్యాజ్’ కుదరదు

సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. దీన్ని ఇంగ్లిషులో ‘సూర్యాపేట బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016’ అనాలి. ‘హ్యాజ్ బికమ్’ అనకూడదు. గడిచిపోయిన ఏడాదినో, రోజునో చెప్పామంటే అక్కడ సింపుల్ పాస్టే.

ఈ సింపుల్ పాస్టులో చాలా క్రియల చివర చేరే ‘ఈడీ’ రాతలో ఒకటే అయినా ఉచ్చారణ మూడు రకాలు: వాక్ట్, ప్లేడ్, వాంటెడ్.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది ‘డిడ్’ దగ్గర. ‘డిడ్ యు వెంట్ టు కోదాడ?’ అనేస్తారు. భూతకాలం భారమంతా ‘డిడ్’ మోస్తుంది కనుక తర్వాత ‘గో’ చాలు. ‘డిడ్ నాట్ గో’ కూడా అంతే. నిజానికి ఇది మనకు కొత్త కాదు. వెళ్లాను, వెళ్లావు, వెళ్లింది అని మనిషినిబట్టి మారే మన క్రియ, కాదనేటప్పుడు ఆ భూతకాలపు తోకను వదిలేస్తుంది: నేను వెళ్లలేదు, నువ్వు వెళ్లలేదు, ఆమె వెళ్లలేదు. కాలాన్ని ‘లేదు’ చూసుకుంటుంది. ‘డిడ్ నాట్’ పాఠాన్ని బడిలో ఇక్కడి నుంచే మొదలుపెడితే పిల్లలకు ఎంతో తేలిక.