ఇంటి తాబేలుకు తగిన నేల

తాబేలును పెంచే గృహస్థులు ముందుగా దాని జాతిని గుర్తించాలి. వీపుచిప్పపై పసుపు గీతలు నక్షత్రాకారంలో ఉంటే అది నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంట ఉంచుకోవడం నేరం. అదృష్టం తెస్తుందన్న నమ్మకం మినహాయింపు కాదు. అటవీ శాఖకు అప్పగించాలి. కోనేటిలో విడవరాదు, నేల తాబేలు ఈదలేక మునిగిపోతుంది.

ఆఫ్రికా సుల్కాటా వంటి విదేశీ జాతులను పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. సౌకార్‌పేట ఇళ్లలోని నున్నని గచ్చుపై వాటి కాళ్లు జారుతాయి. తవ్వుకొని దాగే చోటు ఉండదు. కాబట్టి ఎరువులు, పురుగుమందులు కలవని తోటమట్టిలో కొబ్బరిపీచు పొట్టు కలిపి, కనీసం 4 అంగుళాల మందాన పరచాలి. అడుగు పొర చెమ్మగా, పై పొర పొడిగా ఉండాలి. మరీ ఎండిన నేలపై పెరిగే పిల్లల వీపుచిప్ప గుబ్బలు కడుతుంది. ఎల్లప్పుడూ తడిసిన నేలపై పొట్టచిప్ప కుళ్లుతుంది. ఇసుక, గులకరాళ్లు వద్దు. మేతతోపాటు మింగితే పేగులు మూసుకుపోతాయి. మేతను రాతిపలకపై ఉంచండి.

మలాన్ని ప్రతిదినం తీసివేయండి. తాబేలును తాకిన పిదప చేతులను సబ్బుతో కడుక్కోండి. దాని నుండి సాల్మొనెల్లా సోకవచ్చు. వాడిన మట్టిని వాననీటి కాలువలో పోయరాదు.