తొలి కారు పాతదా? ముందు ఆర్సీ, తర్వాతే ఇంజన్

పంతొమ్మిదేళ్ల వయసులో నేను కొన్న మొదటి కారు ఎనిమిది నెలలపాటు మా ఇంటి ముందు నుంచి కదల్లేదు. ఇంజన్ పాడై కాదు. ఆర్సీలో పేరున్న యజమాని బతికి లేడు కాబట్టి.

1999 మోడల్ మారుతి 800. ధర 38 వేలు. అందులో 20 వేలు ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నవి, 18 వేలు అమ్మ చిట్టీ డబ్బు. అమ్మినాయన సంతకాలు పెట్టి ఉన్న ఫారం 29, ఫారం 30 చేతిలో పెట్టి, ‘నాన్నగారి బండి బాబూ, ప్రాణంలా చూసుకున్నారు’ అన్నాడు. ఆ నాన్నగారు పోయి రెండేళ్లయిందని మాత్రం చెప్పలేదు. నేనేమో ఇంజన్ చప్పుడు వింటూ మురిసిపోతున్నా. బదిలీకి వెళ్తే యజమాని గుర్తింపు కార్డు అడిగారు. దానికోసం ఫోన్ చేస్తే అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇంటికొచ్చి అమ్మకు చెప్పడానికి నాకు రెండ్రోజులు పట్టింది.

మీలో చాలామందికి ఈ కోరిక ఉంటుందని తెలుసు. ఓ పాత కారు కొనాలి, సొంత చేతులతో విప్పాలి, బాగుచేయాలి, నడపాలి. మంచి కోరికే. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నేను నేర్చుకున్నదానిలో మంచి భాగం ఆ తెల్ల 800 కిందే నేర్చుకున్నా. అందుకే వద్దని చెప్పను. నాలాగా కొనొద్దని చెబుతా.

నడిచే బండే కొనండి

ప్రాజెక్ట్ కారు అనగానే చెట్టుకింద తుప్పు పట్టిన బండిని తెచ్చి తళతళలాడించే వీడియోలు గుర్తొస్తాయి. తొలి కారుకు ఆ దారి పనికిరాదు. ఇంజన్ జామ్ అయిన బండి పదివేలకే వస్తుంది, నిజమే. కానీ విప్పిన భాగాలు అట్టపెట్టెల్లో ఉండగానే సెమిస్టర్ పరీక్షలొస్తాయి. ఆ తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. నడుస్తూ, అక్కడక్కడా చిన్న చిన్న లోపాలున్న బండి తీసుకోండి. ఒక్కోసారి ఒక్కటే బాగుచేయండి.

మారుతి 800 ఇందుకు బాగా సరిపోతుంది. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైంది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది, చెయ్యి పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వెతికితే దీని విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. పాతవాటిలో కార్బురేటర్, తర్వాతి వాటిలో ఎంపీఎఫ్ఐ. కార్బురేటర్‌ది నేర్చుకోవడానికి సరదా, రోజూ తిరగడానికి ఎంపీఎఫ్ఐ నయం. జెన్, పాత శాంత్రో కూడా పర్లేదు. తక్కువకు వస్తోందని పదిహేనేళ్ల విదేశీ లగ్జరీ కారు జోలికి మాత్రం పోకండి. కొన్న ధర కంటే ఒక్క గేర్‌బాక్స్ రిపేరుకే ఎక్కువవుతుంది.

పద్దెనిమిది నిండలేదా? కారు ఇంట్లో పెట్టుకుని నేర్చుకోండి, రోడ్డెక్కించొద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. పైగా ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు

నేను కొన్నాక వెళ్లిన ఆటోనగర్ షెడ్డులో పెద్ద మెకానిక్ బాబాయ్ బానెట్ కూడా ఎత్తలేదు. ‘ఆర్సీ తెచ్చావా?’ అన్నాడు. చూసి, ‘ఈయన్ని కలిశావా?’ అన్నాడు. లేదన్నా. ‘ఇంజన్‌దేముందిరా, నేను చేసిస్తా. ఇది నేను చెయ్యలేను’ అని ఆర్సీ తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఆర్సీలో ఉన్న మనిషిని కలవండి. ఆయన గుర్తింపు కార్డు చూడండి, ఫారం 29, 30 మీద సంతకం మీ కళ్ల ముందే పెట్టించండి. మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు మారి, పేరు మాత్రం మొదటాయన మీదే ఉన్న బళ్లు ఎన్నో. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసులు ఫారం 31తో తమ పేరుకు మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం కావాలి, మిగతా వారసుల అంగీకారం కావాలి. నా విషయంలో అమ్మినాయనకు ఇద్దరు అక్కలు. ఒకరు చెన్నైలో ఉంటారు. అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. నా ఎనిమిది నెలలూ అక్కడే పోయాయి!

ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే ‘అప్పు ఎప్పుడో తీరిపోయిందండీ’ అనే మాట నమ్మొద్దు. ఎన్ఓసీ, ఫారం 35 ఇవ్వమనండి. బండి నంబర్‌తో పరివాహన్‌లో ఆర్సీ గడువు, బీమా, పెండింగ్ చలాన్లు చూసుకోండి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీతో సరిపోవాలి. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలొచ్చాక అక్కడి కార్లు మనవైపు చవగ్గా వస్తున్నాయి. వాటికి అక్కడి ఎన్ఓసీ ఉండాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవి కలిపితే చవక ఎక్కడుందో మీరే లెక్కేసుకోండి.

ఇంకోటి, పదిహేనేళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాలి. గడువు ఆరు నెలల్లో ముగుస్తుంటే ఆ ఖర్చు బేరంలోనే తీసేయండి. గ్యాస్ కిట్ ఉండి, అది ఆర్సీలో నమోదు కాకపోతే లేచి వచ్చేయండి.

అయస్కాంతం, పాత గుడ్డ

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ‘స్టార్ట్ చేయకండి, నేనొచ్చాకే’ అని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడిగా ఉందంటే తెల్లవారుజామునే కుస్తీ పట్టి స్టార్ట్ చేశారేమో అని అనుమానించాలి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద టీలాంటి రంగులో జిగురు కనిపిస్తే, హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో చూపించాలి.

ఇంజన్ కంటే తుప్పు ప్రమాదం. కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తండి. బ్యాటరీ కింద, డోర్ల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంత చూడండి. ఓ చిన్న అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి. పట్టు జారిందంటే అక్కడ రేకు తక్కువ, పుట్టీ ఎక్కువ. టైరు మీది చివరి నాలుగంకెలు చూడండి. 2217 అంటే 2017లో 22వ వారం తయారైందని అర్థం. గాట్లు బాగానే ఉన్నా అంత పాత టైరును నమ్మలేం.

రెండొందల మల్టీమీటర్

బదిలీ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో నా కారుకు సెల్ఫ్ సరిగా తిరిగేది కాదు. గుర్.. గుర్.. మని ఆగిపోయేది. బ్యాటరీ పోయిందన్నారు. 3,200 పెట్టి కొత్తది వేశా. మళ్లీ అదే గుర్ గుర్. సెల్ఫ్ మోటార్ మార్చమన్నారు. చేతిలో డబ్బుల్లేవు కాబట్టి ఆలోచించా.

కాలేజీ ల్యాబ్ కోసం కొన్న రెండొందల మల్టీమీటర్ తీశా. బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే ఫుల్. ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకేసి ఇంజన్ అంటుకోకుండా చేశా. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ లోహం మీద పెట్టి, తమ్ముణ్ని తాళం తిప్పమన్నా. రెండూ ఎర్తే కదా, తేడా అర వోల్టు లోపే ఉండాలి. నాకు 1.8 చూపించింది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ వైరు తుప్పుపట్టి కరెంటును అడ్డుకుంటోంది. 120 రూపాయల వైరు. ఉప్పుకాగితంతో రెండు చివర్లూ రుద్ది బిగించా. తాళం తిప్పగానే సెల్ఫ్ చకచకా తిరిగింది. ఓమ్స్ లా మొదటి ఏడాదే చదివా, అర్థమైంది ఆ సాయంత్రం.

ఫైనలియర్ ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ గురించి అడిగారు. మా బ్యాచ్‌లో సగం మందిది అదే ప్రాజెక్ట్, ఒకే షాపులో కొన్నది. నాదీ అంతే. ఆ మాట దాచకుండా చెప్పి, ఈ ఎర్త్ వైరు కథ మొదలెట్టా. ఫోన్‌లో నేను రాసుకున్న పట్టిక చూపించా: తేదీ, లక్షణం, కొలిచింది, మార్చింది, ఖర్చు. ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారు. బ్యాటరీకి 3,200 ఎందుకు దండగ చేశావనీ అడిగారు. కొలవకుండా కొన్నానని ఒప్పుకున్నా. ఆ ఉద్యోగం వచ్చింది. మీరూ మొదటి రోజు నుంచే ఇలా రాసుకోండి, రెజ్యూమెలో ఒక్క లైనుకైనా పనికొస్తుంది.

డబ్బు సంగతి సూటిగా చెబుతా. చేతిలో 60 వేలుంటే కారుకు 35 మించొద్దు. మిగతాది బదిలీకి, బీమాకు, టైర్లకు, బ్రేకులకు. పాటల సిస్టమ్‌కు కాదు. థర్డ్ పార్టీ బీమా లేకుండా వీధి చివరకు కూడా వెళ్లొద్దు, కొన్న 14 రోజుల్లో బీమాను మీ పేరుకు మార్పించుకోండి. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందకు ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు పెట్టాకే. సైలెన్సర్ మార్చడం, వేరే ఇంజన్ ఎక్కించడం లాంటివి చట్టంతో తంటా. ఫిట్‌నెస్ దగ్గరే ఆగిపోతారు.

ఉద్యోగంలో చేరాక ఆ 800ను 34 వేలకు అమ్మేశా. అమ్మ 18 వేలు అమ్మకిచ్చేశా. కొనడానికి వచ్చిన కుర్రాడికి పంతొమ్మిదో, ఇరవయ్యో ఉంటాయి. ఇంజన్ చప్పుడు వింటూ నవ్వుతున్నాడు, ఆర్సీ మాట ఎత్తలేదు. నేనే లోపలికెళ్లి ఆర్సీ, నా ఆధార్, ఖాళీ ఫారాలు, పెన్ను తెచ్చి అతని ముందే సంతకం పెట్టా.