కళాశాల ఫుట్‌బాలు శిక్షకుల ఒడంబడికలు: గడువు పొడిగింపులోని మర్మము



నేఁడు నేను ప్రసంగింపఁబూనిన విషయము మన గ్రామములకు మిక్కిలి దూరమైనది. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విశ్వవిద్యాలయములు తమ ఫుట్‌బాలు జట్లకు ముఖ్య శిక్షకులను నియమించుకొని, వారి ఒడంబడికల గడువు తీఱకముందే దానిని మరల మరల పొడిగించుచుండును. ఆ వాడుకను గూర్చి చెప్పఁదలఁచితిని. ఆట నేర్పువాని జీతముతో మనకేమి పని యని పెద్దలు అడుగవచ్చును. కౌలుపత్రమో, జీతగాని కుదురుబాటో, కట్టడపు గుత్తయో వ్రాయించి సంతకము చేయనివారు మనలో అరుదు. పత్రమునందుఁ గనఁబడు గడువు వేఱు, పత్రమును త్రెంచిననాఁడు తేలు భారము వేఱు. ఈ సంగతిని ఇంత తేటగాఁ దెలుపు ఉదాహరణము నాకు మఱొకటి తోఁపలేదు. మఱియు మన తెలుఁగు కుటుంబముల పిల్లలు వేలకొలఁదిగా ఆ దేశపు విశ్వవిద్యాలయములలోఁ జదువుచున్నారు గావున, అచ్చటి వ్యవహారము నెఱుఁగుట మనకు వ్యర్థము గాదు.

ముందుగా ఆ యాట యెట్టిదో చెప్పెదను. పేరు ఫుట్‌బాలే యైనను, అది మన బడులలో ఆడు కాలిబంతి యాట కాదు. బంతి రెండు కొనలును కూసుగా నుండును. పక్షమునకు 11 మంది. బంతిని చేతఁ బట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. ఎదిరిపక్షమువారు మీఁదఁబడి నేలఁ గూల్చెదరు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగనిచో బంతి ఎదుటివారి వశమగును. 1869లో రట్గర్సు, ప్రిన్స్‌టను కళాశాలల నడుమ జరిగిన పోటీని ఈ క్రీడకు ఆదిగాఁ జెప్పుదురు. నేఁడు మిషిగను, టెక్సాసు ఏ అండ్ ఎం వంటి విశ్వవిద్యాలయముల క్రీడాస్థలములలో లక్షమందికిఁ బైగాఁ గూర్చుండి చూచెదరు. ప్రవేశపు చీట్ల వలన, టెలివిజను ప్రసారపు హక్కుల వలన, పూర్వ విద్యార్థుల విరాళముల వలన అపారమైన ధనము వచ్చుచుండును. ఆ ధనమంతయు జట్టు గెలుపుపై ఆధారపడియున్నది. గెలుపునకు బాధ్యుఁడు ముఖ్య శిక్షకుఁడు. అందుచేతనే పెక్కు రాష్ట్రములలో ప్రభుత్వసంస్థల ఉద్యోగులందఱిలోను అధికవేతనము పొందువాఁడు గవర్నరు కాఁడు, విశ్వవిద్యాలయపు క్రీడాశిక్షకుఁడు.

ఇఁక గడువు పొడిగింపు. మన పల్లెలలో జీతగానిని ఒక సంవత్సరమునకుఁ గుదుర్చుకొని, ఆ యేఁడు నిండినపిమ్మట మరల మాటలాడుకొనుట పూర్వపు వాడుక. అచ్చట నట్లు కాదు. అయిదేండ్లకు శిక్షకుని నియమించిరనుకొందము. రెండేండ్లు గడచి మూఁడేండ్లు మిగిలియుండఁగానే మరల రెండు చేర్చి అయిదు చేసెదరు. జీతమును సాధారణముగాఁ బెంచెదరు. గడువు తఱుగుచున్నట్లు ఎన్నఁడును కనఁబడనీయరు.

దీనికి రెండు కారణములు గలవు. మొదటిది బాలుర చేరిక. 17, 18 ఏండ్ల ఆటగాండ్రను ఉన్నతపాఠశాలలనుండి యెన్నుకొని తెచ్చుట శిక్షకుని ముఖ్యకార్యము. ఆ బాలుఁడు నాలుగేండ్లు అచ్చట నుండఁదలఁచి వచ్చును. శిక్షకుని గడువు రెండేండ్లే మిగిలియున్నచో, పోటీ కళాశాలవారు వాని తల్లిదండ్రులతో, "మీ వానిని పిలుచుచున్న ఆ పెద్దమనిషి ఎల్లుండికి అచ్చట నుండఁడు" అని చెప్పుదురు. ఈ మాటకుఁ దావీయకుండుటకై పత్రముపై ఎల్లప్పుడును నాలుగైదేండ్లు మిగిలియుండునట్లు చూతురు. రెండవ కారణము పొరుగువారి భయము. ఏటేట శరత్కాలమున ఎచ్చటనో యొక పెద్ద స్థానము ఖాళీయగును. మన శిక్షకుని వారు పిలిచెదరని వదంతి పుట్టును. శిక్షకుని తరపు మధ్యవర్తి ఆ వదంతిని కాదనఁడు, అవుననఁడు. విశ్వవిద్యాలయమువారు తొందరపడి క్రొత్త పత్రమునకు సంతకము చేయుదురు.

కావున, గడువు పొడిగింపు శిక్షకునికిఁ జేసిన వాగ్దానమువలెఁ గనఁబడినను, నిజముగా అది ఇతరులకుఁ జూపుటకై వ్రాసినది: చేరఁబోవు బాలురకు, విరాళమిచ్చు దాతలకు, పొంచియున్న పోటీవారికి. దాని వెల మాత్రము సంతకమునాఁడు కనఁబడదు, త్రెంచిననాఁడు కనఁబడును.

ఆ వెలను నిర్ణయించునవి పత్రములోని మూఁడు షరతులు. విశ్వవిద్యాలయము తానే శిక్షకుని తొలఁగించినచో మిగిలిన జీతములో నెంత చెల్లించవలెనన్నది మొదటిది. శిక్షకుఁడే విడిచిపోయినచో అతఁడెంత చెల్లించవలెనన్నది రెండవది. తొలఁగింపఁబడినవాఁడు వేఱొకచోటఁ బని సంపాదించినచో ఆ క్రొత్త జీతమును పాత సొమ్ములోనుండి తగ్గించుకొనవచ్చునా యన్నది మూఁడవది. ఏండ్ల సంఖ్య పత్రికలలోఁ బెద్ద యక్షరములతో వెలువడును. ఈ మూఁడు షరతులు లోపలి పుటలలో నుండును.

ప్రసిద్ధములైన ఉదాహరణములను చూతము. ఇండియానా రాష్ట్రమునందలి నోటర్ డేం విశ్వవిద్యాలయము 2004 డిసెంబరులో చార్లీ వైస్ అను శిక్షకుని ఆఱేండ్లకు నియమించెను. 2005లో, అతని మొదటి యాటకాలము ముగియకముందే, పదేండ్ల క్రొత్త పొడిగింపు నిచ్చెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లయ్యెను. 2007లో జట్టు మూఁడు ఆటలు గెలిచి తొమ్మిది యోడెను. 2009 నవంబరులో అతనిని తొలఁగించిరి. తరువాత 2015 వఱకు సుమారు 1 కోటి 90 లక్షల డాలర్లు చెల్లించిరి.

అంతకంటెఁ బెద్దది టెక్సాసు ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు వ్యవహారము. 2017 డిసెంబరులో జింబో ఫిషర్ అను శిక్షకుని పదేండ్లకు, 7 కోట్ల 50 లక్షల డాలర్లకుఁ గుదుర్చుకొనిరి. సొమ్మంతయు ఖాయమని వ్రాసిరి. 2020లో జట్టు పది యాటలలోఁ దొమ్మిది గెలిచెను. 2021లో, పాత పత్రమునకు ఇంకను ఆఱేండ్ల గడువుండఁగానే, 2031 వఱకుఁ బొడిగించి, జీతమును ఏటికి 90 లక్షల డాలర్లకుఁ బైగాఁ బెంచిరి. 2023 నవంబరులోఁ దొలఁగించిరి. ఇవ్వవలసినది 7 కోట్ల 50 లక్షల డాలర్లకు మించెను. మన రూపాయలలో ఆఱువందల కోట్లకుఁ బైమాట. అఱువది దినములలో 1 కోటి 90 లక్షల డాలర్లకుఁ బైగా, తరువాత 2031 వఱకు ఏటేట 72 లక్షల డాలర్లు. అతఁడు వేఱొకచోటఁ బనిచేసినను ఒక్క డాలరైనఁ దగ్గింపరాదు.

ఇచ్చట నొక చిన్న లెక్క వేసి చూతము. 2021లో ఆ సంతకము చేయకయున్నచో, 2023లోఁ దొలఁగించునప్పటికి పాత పత్రము చొప్పున నాలుగేండ్లు మాత్రమే మిగిలియుండును. ఏటికి 75 లక్షల వంతున అది 3 కోట్ల డాలర్లు. అనఁగా ఒక్క సంతకము అప్పును రెండున్నర రెట్లు చేసినది. ఆఱేండ్ల గడువు చేతనుండఁగా ఆ తొందర యేల వచ్చినదన్నది ఆలోచింపవలసిన ప్రశ్న.

ఆ 2021 శరత్కాలము ఈ వ్యవహారమునకంతకును అద్దము వంటిది. దక్షిణ కాలిఫోర్నియా, లూసియానా స్టేటు అను రెండు గొప్ప విశ్వవిద్యాలయములలో శిక్షకస్థానములు ఖాళీ యయ్యెను. దేశమంతట భయము వ్యాపించెను. నవంబరు నెలలో మిషిగను స్టేటువారు మెల్ టక్కరు అను వానికి పదేండ్లకు 9 కోట్ల 50 లక్షల డాలర్లు వ్రాసిరి; పెన్ స్టేటువారు జేమ్సు ఫ్రాంక్లినునకు పదేండ్లు పొడిగించిరి; లూసియానావారు బ్రయాను కెల్లీని నోటర్ డేమునుండి పదేండ్లకుఁ దెచ్చుకొనిరి. టక్కరును 2023లో నడవడిని గూర్చిన ఫిర్యాదుపై, పరిహారము లేకుండఁ దొలఁగించిరి. అతఁడు దానిని అన్యాయమని న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఫ్రాంక్లినును, కెల్లీని 2025 అక్టోబరులోఁ దొలఁగించిరి. ఫిషరును గూడఁ గలిపిన, ఒకే యేఁటి శరత్తులోఁ జేసిన నాలుగు దీర్ఘకాలపు పత్రములలో నొక్కటియైనను నిండుగా అయిదేండ్లు నిలువలేదు.

ఫ్రాంక్లిను విషయమున మూఁడవ షరతు విలువ తెలిసినది. అతనికి రావలసినది సుమారు 4 కోట్ల 90 లక్షల డాలర్లని లెక్కకట్టిరి. కాని వేఱుపని వెదకికొనవలెననియు, ఆ జీతము తగ్గింపఁబడుననియు పత్రమున నుండెను. నెల తిరిగిన కొలఁది దినములకే అతఁడు వర్జీనియా టెక్కునఁ గుదురుకొనఁగా, 90 లక్షల డాలర్లతో లెక్క తేలినది. ఒక్క వాక్యము వ్రాసియుంచుటచేత నాలుగు కోట్లు మిగిలెను.

శిక్షకుఁడు విడిచిపోవునప్పటి సంగతి యేమి? 2007లో రిచ్ రాడ్రిగెజ్ అను వాఁడు పశ్చిమ వర్జీనియాలో ఆ యేఁడే క్రొత్త పత్రమునకు సంతకము చేసి, డిసెంబరులో మిషిగనుకుఁ బోయెను. వ్యాజ్యము నడచిన పిమ్మట 40 లక్షల డాలర్లు చెల్లెను. అందు 25 లక్షలు క్రొత్త యజమానియైన మిషిగనే యిచ్చెను. మనిషిని బలవంతముగా నిలిపి పని చేయించుట న్యాయశాస్త్రము నొప్పదు. ధనము మాత్రమే యడుగవచ్చును. కనుక ఇంతటి పెద్ద గడువు నిజముగాఁ గట్టివేయునది విశ్వవిద్యాలయమును గాని శిక్షకుని గాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము మూఁడవ యధికరణమున భృతకుల ప్రకరణ మున్నది. జీతము పుచ్చుకొని పని చేయని వానికి 12 పణములు దండము. పని చేయింపక చెఱచిన యజమానికిని 12 పణములే. త్రాసు రెండు తట్టలు సమముగా నున్నవి. అమెరికా పత్రములలో ఒక తట్ట నేలనంటుచున్నది.

పొడిగింపు సర్వదా తప్పని నేను చెప్పను. అలబామాలో నిక్ సేబను 2007 మొదలుకొని 2024 జనవరిలోఁ దాను విరమించువఱకు పని చేసెను. అతని పత్రమును పలుమాఱులు పొడిగించిరి. అతఁడు ఆఱుమాఱులు జాతీయవిజయము తెచ్చి పెట్టెను. జార్జియాలో కిర్బీ స్మార్టు వరుసగా రెండు జాతీయవిజయములు సాధించిన పిమ్మట 2024లో మరల పొడిగించిరి. పని పండిన పిమ్మట ఇచ్చినది బహుమానము. పండకముందే భయపడి యిచ్చినది పందెము.

ఈ పందెపు నష్టమెవరిది? టెక్సాసువారు క్రీడాశాఖ రాబడినుండియు దాతల విరాళములనుండియు ఇచ్చెదమనిరి. కాని ధనము ఏ సంచినుండి వచ్చినను, అది మఱొక పనికిఁ బోవలసిన ధనమే. ఆ యాటను నిజముగా ఆడి ఎముకలు విఱుగఁగొట్టుకొను బాలురు 2021 జూలై వఱకుఁ దమ పేరు ప్రతిష్ఠలపై నొక కాసు తీసికొనుటకు వీలులేకుండెను. 2025 జూన్‌లో న్యాయస్థాన మామోదించిన రాజీ చొప్పున, 2025-26లో నొక్కొక్క విశ్వవిద్యాలయము తన క్రీడాకారులందఱికిఁ గలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవఱకు నేరుగా పంచవచ్చును. ఫిషరునకుఁ బని మానుమని యిచ్చిన సొమ్ము, వందలమంది బాలబాలికల మూఁడేండ్ల వాటాకంటె నధికము. శిక్షకుఁడుండునని నమ్మి చేరిన బాలునికి మాత్రము అందులో నొక డాలరు లేదు. వేఱు కళాశాలకుఁ బోవు స్వేచ్ఛ యొక్కటే వానికి మిగిలినది.

పెద్దలారా, మీ యెదుటికి పత్రము వచ్చినప్పుడు ఎన్నేండ్లకని యందఱును అడుగుదురు. మధ్యలో విఱిగినచో ఎవరు ఎవరికెంత యియ్యవలెను? గడువింక నుండఁగా ఇప్పుడే యేల వ్రాయవలెను? దీనిని నమ్మి నడచుకొను మూఁడవవానికిఁ గలుగు రక్షణ యేమి? ఈ మూఁడు ప్రశ్నలకును సమాధానము దొరకినపిమ్మట కలము పట్టుఁడు. గొప్ప విశ్వవిద్యాలయములు, పెద్ద న్యాయవాదులు చుట్టునుండఁగా, తొందరలో అడుగ మఱచిన ప్రశ్నలివి. ఊరి రచ్చపై తీఱికగాఁ గూర్చుండి వీనిని అడుగుటకు మనకు ధనము గాని పాండిత్యము గాని యక్కఱలేదు.