గొట్టాల అడుగున చూడండి

పాత రెండు గొట్టాల తుపాకీ మరమ్మతుకు తెచ్చేవాళ్లలో చాలామంది పైపట్టీ మీది పేరు చూపించి, ‘ఇంగ్లండుదండీ, లక్షలు పలుకుతుంది’ అంటారు. ఆ పేరు తయారుచేసినవాళ్లది కావచ్చు, అమ్మినవాళ్లది కావచ్చు. జలంత్ర, మందస, టెక్కలి జమీందారీలు గంజాం జిల్లాలో ఉన్న కాలంలో కలకత్తాలోని రోడా, మాంటన్ కంపెనీలు ఇంగ్లండు తుపాకులు తెప్పించి, తమ పేరు చెక్కించి అమ్మేవి. వాటిలో బర్మింగ్‌హామ్ పనే ఎక్కువ.

నేను ముందు చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీసి, బోర్లించి చూస్తాను. కిరీటం గుర్తు కింద ‘ఎన్.పి.’ అక్షరాలుంటే, పొగరాని మందు మామూలుకన్నా ఎక్కువ దట్టించి పేల్చి పరీక్షించారని అర్థం. బ్రిటన్‌లో ప్రతి గొట్టమూ లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఇలాంటి పరీక్షకు నిలబడాల్సిందే, అది చట్టం. అమెరికాలో అలాంటి చట్టం లేదు. పార్కర్, ఫాక్స్, ఎల్.సి. స్మిత్ తుపాకీ కొంటే కంపెనీ మాటనే నమ్మాలి.

అలాగని అమెరికా పని తక్కువది కాదు. 1931లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 21 ఎంత మొరటు వాడకానికైనా ఆగుతుంది. కానీ బరువు మూడున్నర కిలోల దాకా ఉంటుంది. మంచి బ్రిటిష్ తుపాకీ మూడు కిలోలే. భుజానికెత్తగానే దానంతటదే పిట్ట మీదికి పోతుంది. ఆకురాయితో చేతిపని చేసిన ఆ అమరిక నాకు ప్రాణం.

ధర లెక్క వేరు. పార్కర్ రెండు లక్షలకు పైగా తుపాకులు చేసింది. వాటిలో మేలురకాలు కొద్దే. అమెరికాలో సేకరించేవాళ్లు వాటి కోసం లండన్ కంపెనీ పర్డీ తుపాకుల స్థాయి ధర పెడతారు. అంతకన్నా చక్కగా కుదిరిన మామూలు బర్మింగ్‌హామ్ తుపాకీ అక్కడే చవగ్గా పోతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. మన దేశంలో కొనేవాడికి లైసెన్సుండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. వారసత్వంగా వచ్చినా అంతే. తాతల తుపాకీ వదిలించుకోవాల్సినవాళ్లు పెరిగితే ధర ఎక్కడ నిలుస్తుంది?

ఇక శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఉప్పుగాలి గొట్టాలకు తుప్పు పట్టిస్తుంది. గొట్టంలోంచి వెలుతురుకేసి చూస్తే నునుపైన అద్దంలా మెరవాలి. గుంటలు కనిపించాయంటే పర్డీ అయినా విలువ పడిపోయినట్టే. గుంట పడిన చోట గోడ పలచబడుతుంది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతాను. పాత బ్రిటిష్ తుపాకుల్లో చాలావాటికి తూటా గది రెండున్నర అంగుళాలే, అంటే దాదాపు 65 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో సులువుగానే దూరుతుంది. పేలినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటు చాలక, లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాల్చే ముందు గది కొలిపించండి.