ఫైరింజన్ ఇంటి మడి

రండర్రా, ఇవాళ ఇల్లు కట్టే కబురు చెప్తాను. మనిల్లు కాదు, ఫైరింజన్ ఇల్లు.

మనం ఇల్లు కట్టుకుంటే లోపల హాయిగా ఉండాలని చూస్తాం. ఫైర్ స్టేషన్‌లో మాత్రం లోపలున్నవాళ్లు ఎంత తొందరగా బయటపడతారన్నదే మొదటి లెక్క. అమెరికా వాళ్ల ప్రమాణం ప్రకారం గంట మోగాక కోటూ బూట్లూ తొడుక్కుని బండి కదిలించడానికి 80 సెకన్లు. నాకు కళ్లజోడు వెతుక్కోడానికే అంతకంటే ఎక్కువ పడుతుందని మీ నానమ్మ అంటుంది, నిజమే.

ఎందుకంత తొందర? యూఎల్ అనే పరీక్షా సంస్థ రెండు రకాల గదులు కట్టి నిప్పంటించి చూసింది. ఒకదాంట్లో పాతకాలపు కర్రా దూదీ సామాను, ఇంకోదాంట్లో ఇప్పటి ఫోము సోఫా, నైలాను తివాచీ. పాత గది మొత్తం భగ్గుమనడానికి సుమారు అరగంట పట్టింది. కొత్త గదికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

అందుకే స్టేషన్ ఎక్కడ కడతామన్నది గోడలకన్నా ముఖ్యం. బండి వెళ్లే దూరం సగం కావాలంటే స్టేషన్లు ఎన్ని కావాలి? రెట్టింపు అంటావు చిన్నాడా, తప్పు. మైసూరు పాకు పళ్లేన్ని ఊరనుకో. నడుమ ఒక్క గాటు పెడితే ముక్క ఒకవైపే కురచవుతుంది. అడ్డంగా ఇంకో గాటు కూడా పెడితేనే రెండు వైపులా సగమవుతుంది. అప్పుడు ముక్కలెన్ని? నాలుగు! అంటే నాలుగింతల స్టేషన్లు. 1973లో కోల్సార్, బ్లమ్ అనే ఇద్దరు దూరం స్టేషన్ల సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుందనే ఈ లెక్క రాసి, న్యూయార్క్ ఫైరింజన్ల ప్రయాణాలతో సరిచూశారు.

సినిమాల్లో స్తంభం పట్టుకుని జర్రున జారతారే, దాని పుట్టుక షికాగోలో, 1878లో. కింద గుర్రాలు, పైన గడ్డి. గడ్డి అటక నుంచి ఒకాయన గుంజ పట్టుకుని జారి అందరికన్నా ముందు దిగడం చూసి, డేవిడ్ కెన్యన్ అనే కెప్టెన్ ఏకంగా నేలకే కన్నం పెట్టించాడు. ఇప్పటి వాస్తుశిల్పులు ఆ కన్నానికి భయపడతారు. జారితే చీలమండలు విరుగుతాయి, పైగా కిందనున్న డీజిల్ పొగ ఆ దారినే పడకగదికి ఎక్కుతుంది. జాగా ఉంటే ఒకే అంతస్తు కట్టుకోవడం నయం.

పొగంటే గుర్తొచ్చింది, అసలు సంగతి ఇదే. మంటలార్పి వచ్చినవాళ్ల కోటుకి మసి ఒక్కటే కాదు, విషాలు కూడా అంటుకుని ఉంటాయి. ఫైర్‌మన్ పనే క్యాన్సర్ తెచ్చే పని అని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. పూర్వం మసి కోటుని గర్వంగా మంచం పక్కనే తగిలించుకునేవాళ్లు. ఇప్పుడు స్టేషన్‌కి మడి వచ్చింది! మా అమ్మమ్మ వంటింటి మడి లాంటిదే. బండి గది మైల. నడుమ కోట్లు ఉతికే మరలు, స్నానాల గదులు. అవి దాటాకే వంటిల్లు, పడకలు. బూట్లతో గీత దాటకూడదు. పడకల వైపు గాలి ఒత్తిడి కాస్త ఎక్కువుంచుతారు. తలుపు తీసినా గాలి ఇటునుంచి అటే పోతుంది, పొగ ఇటు రాదు. బండి పొగగొట్టానికి ఒక తొండం తగిలిస్తారు. బండి గుమ్మం దాటేటప్పుడు అది తనంతట తనే ఊడిపోతుంది.

తలుపులు కూడా పైకి చుట్టుకునేవి కాకుండా పక్కలకి మడుచుకునేవి పెడుతున్నారు. అవి త్వరగా తెరుచుకుంటాయి, పూర్తిగా తెరిచిందీ లేనిదీ డ్రైవరుకి తెలుస్తుంది. నేల గట్టిగా ఉండాలి మరి. 4,500 లీటర్ల ట్యాంకైతే నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు.

పాత స్టేషన్లలో సన్నగా ఎత్తుగా ఒక గోపురం ఉంటుంది చూడండి. గంట కోసమనుకుంటారు. అందులో తడి గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టేవాళ్లు, నూలు గొట్టం తడిగా చుడితే కుళ్లిపోతుంది కదా. సింథటిక్ గొట్టాలొచ్చాక ఆ పని తగ్గింది. అలాంటి గోపురాలు ఇప్పుడు తాళ్లు కట్టుకుని దిగడం నేర్చుకోడానికి పనికొస్తున్నాయి.

ఇన్ని సెకన్లు కూడబెట్టి కట్టిన ఇంటి గేటు ముందు స్కూటరు ఆపి టీ తాగే మహానుభావులున్నారు మన వీధిలో. మీరు పెద్దయ్యాక ఆ పని చెయ్యకండర్రా.