పాత జీపు కొండెక్కాలంటే.. ముందు బ్రేకులు చూడాలి

అనంతగిరి: మన్యంలో జీపునకు ఉన్న స్థానం వేరు. బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు సాగే రాళ్లదారిలో పర్యాటకులను చేరవేసినా, కొండ గ్రామాల నుంచి వారపు సంతలకు జనాన్ని, సరకును దించినా ఆ ఘనత పాత మహీంద్రా జీపులదే. మూలనపడిన అటువంటి బండిని బాగు చేయించి మళ్లీ కొండదారి పట్టించాలనుకునేవారి దృష్టి తొలుత పెద్ద టైర్లు, అదనపు దీపాలు, మెరిసే రంగుపైకి పోతుంది. ఖర్చు మొదలుపెట్టవలసింది అక్కడ కాదు. ఘాట్ రోడ్డులో ప్రాణాలు నిలిపేవి చాసిస్, స్టీరింగ్, బ్రేకులే.

కొనే ముందే పరిశీలన

జీపులన్నీ ఒకటి కావు. చూపునకు ఒకేలా ఉన్నా కొన్నిటికి వెనుక చక్రాలకు మాత్రమే ఇంజిన్ శక్తి అందుతుంది. ముందు ఇరుసు మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్ గుండు, లోపల గేరు కర్ర పక్కన మరో కర్ర ఉంటే అది నాలుగు చక్రాల బండిగా గుర్తించవచ్చు. పేరుపొందిన ఎంఎం 540 నమూనాలో ప్యూజో రూపకల్పన చేసిన 2,112 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది. దాని బలం వేగంలో కాదు, నిదానంగా లాగడంలో ఉంది.

చాసిస్, కమాన్ కట్టలు

బాడీకి పట్టిన తుప్పు పైకి కనిపిస్తుంది, చాసిస్‌ను తినేసిన తుప్పు కనిపించదు. కమాన్ కట్టలు బిగించే చోట, స్టీరింగ్ బాక్స్ అమర్చిన చోట చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చిన చోట మొద్దు శబ్దం వస్తుంది. స్టీరింగ్ బాక్స్ వద్ద పగులు ఉంటే రంగు వేసి దాచడం ప్రాణాంతకం. విరిగిన కమాన్ పట్టీలను, అరిగిన బుష్‌లను, వదులైన టై రాడ్ చివరలను మార్చిన తరువాతే ఇంజిన్ పని చేపట్టాలి.

బ్రేకులే ప్రాణం

పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఎక్కువ. కొన్ని నమూనాల్లో బ్రేక్ ఆయిల్‌కు ఉన్న మార్గం ఒక్కటే. ఏదో ఒక చక్రం వద్ద గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అందువల్ల గొట్టాలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ రబ్బర్లను ఒకేసారి మార్చడం మేలు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరిన ఆయిల్ దిగుడు దారిలో వేడెక్కి ఆవిరైతే పెడల్ అడుగుకు జారిపోతుంది. వాగు దాటాక తడిసిన డ్రమ్ములు సరిగా పట్టవు. కొద్ది దూరం నిదానంగా నడుపుతూ పెడల్‌ను మెల్లగా నొక్కి వాటిని ఆరబెట్టాలి.

పెద్ద టైర్లతో పేచీ

టైరు వ్యాసం 10 శాతం పెరిగితే చక్రం నేలను నెట్టే బలం సుమారు 9 శాతం తగ్గుతుంది. స్పీడోమీటర్ 50 చూపుతున్నప్పుడు బండి 55 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. బ్రేకులపై భారం పెరుగుతుంది. ఎత్తు పెంచిన బండి మలుపుల్లో బోల్తాపడే ప్రమాదమూ అధికం.

నాలుగు చక్రాల వాడకం

ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా కలిసిపోతాయి కనుక ఫోర్ వీల్‌ను బురద, ఇసుక, రాళ్లపైనే వేయాలి. తారు రోడ్డుపై వేసి మలుపు తిప్పితే గేర్లు, జాయింట్లు దెబ్బతింటాయి. లో గేరులో చక్రాలకు అందే లాగుడు బలం సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. అది ఎక్కడానికే కాదు, దిగడానికీ ఆధారం. దిగుడులో న్యూట్రల్ వేయడం, ఇంజిన్ ఆపడం ఎంతమాత్రం తగదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంజిన్ మార్చవలసి వస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి పొందాలి. సొంత వాహనానికి 15 ఏళ్ల తరువాత తనిఖీ చేయించి, రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కిరాయికి తిప్పే బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా సామర్థ్య ధ్రువపత్రం తప్పనిసరి.

పని పూర్తయిన బండిని నేరుగా కొండకు తీసుకెళ్లరాదు. తొలుత ఖాళీగా చదును నేలపై, తరువాత చిన్న వాలులో, ఆపై బరువుతో నడిపి చూడాలి. ప్రతిసారీ ఆపి చక్రాల నట్లు, ఆయిల్ కారుతున్న చోట్లు పరిశీలించాలి. బరువుతో దిగుతూ వాలు మధ్యలో నిలకడగా ఆగిన తరువాతే ఆ జీపులో మనుషులను ఎక్కించాలి.