గాడ్విన్ కుమారుల కలహము

ఇంగ్లండు చరిత్రను పాఠశాలలో చదివినవారికి 1066వ సంవత్సర మనగానే హేస్టింగ్సు యుద్ధమును, నార్మండీ ప్రభువైన విలియమును స్ఫురించుట సహజము. ఆ యుద్ధమునకు సరిగా 19 దినములు ముందు, సెప్టెంబరు 25వ తేదీన, యార్కు నగర సమీపమున డెర్వెంట్ నదీతీరమందలి స్టాంఫర్డ్ బ్రిడ్జికడ జరిగిన పోరును మాత్రము పాఠ్యగ్రంథములు రెండు వాక్యములలో దాటిపోవును. ఆ పోరున ఒక పక్షమునకు నాయకుడు ఇంగ్లండు రాజు హెరాల్డ్. ఎదుటి పక్షమున నార్వే రాజు ప్రక్కన నిలిచినవాడు ఆతని తోడబుట్టిన టాస్టిగ్. ఒక్క తల్లి కడుపున పుట్టిన వీరిరువురు అంతదూరము వచ్చుట ఎట్లు సంభవించెను?

వీరి తండ్రి గాడ్విన్ రాజవంశజుడు కాడు. డెన్మార్కునుండి వచ్చి ఇంగ్లండు నేలిన కాన్యూట్ కొలువులో పైకి వచ్చి వెస్సెక్స్ సీమకు ఎర్ల్ అయ్యెను. ఎర్ల్ అనగా రాజు పేర నొక సీమను పాలించు మహాసామంతుడు. గాడ్విన్ భార్య గీథా డేనిష్ వనిత. 1045లో కుమార్తె ఈడిత్‌ను ఎడ్వర్డు రాజున కిచ్చి, గాడ్విన్ రాజునకే మామగా రయ్యెను. కుమారులు స్వేన్, హెరాల్డ్, టాస్టిగ్, గిర్త్, లియోఫ్విన్, వుల్ఫ్‌నోత్. ఇంటికి తొలి మచ్చ తెచ్చినవాడు జ్యేష్ఠుడైన స్వేన్. ఒక మఠాధిపతురాలిని ఎత్తుకొనిపోయెను; 1049లో సొంత మేనమామ కొడుకైన బ్యోర్న్‌ను నమ్మించి చంపెను. తుదకు ప్రాయశ్చిత్తముగా జెరూసలేము యాత్రకు పోయి, 1052లో మరలివచ్చు త్రోవలో మరణించెను. అందుచేత 1053లో గాడ్విన్ కన్నుమూసిన నాడు పెద్దరికము హెరాల్డ్‌ను వరించినది, వెస్సెక్స్ ఆతనిదైనది.

రెండేండ్లకు, అనగా 1055లో, ఉత్తరమందలి నార్తంబ్రియాకు ఎర్ల్‌గా నుండిన సివార్డ్ మరణించెను. ఆతని కుమారుడు పసివాడు. ఆ పదవి టాస్టిగ్‌కు దక్కినది. దక్కుటకు రాణి మాటయు, హెరాల్డ్ అండయు తోడ్పడిన వని నాటి గ్రంథమే చెప్పుచున్నది. ఈ విషయము గుర్తుంచుకొనదగినది. తమ్ముని ఆ పీఠముపై కూర్చుండబెట్టిన చేతులలో అన్న చేయి యొకటి.

ఆ గ్రంథము ఎడ్వర్డు రాజు జీవితచరిత్ర. లాటిన్ భాషలో నున్నది. రాణి ఈడిత్ కోరికపై ఒక మతాచార్యుడు దానిని రచించెను. అందు సోదరుల స్వభావములు చక్కగా చిత్రింపబడినవి. హెరాల్డ్ ఓర్పుగలవాడు, తన ఆలోచనను ఆప్తులతో చెప్పుకొనును, సమయము కొరకు వేచియుండును. టాస్టిగ్ మౌని; తలచిన పని పూర్తియైన పిమ్మటగాని ఇతరులకు తెలియనీయడు. దుష్టశిక్షణలో నొకింత తీవ్రుడు. ఆతడు రాకపూర్వము నార్తంబ్రియాలో ఇరువదిముప్పది మంది కూడి ప్రయాణించినను దోపిడీ తప్పెడిది కాదట. దొంగల నణచినవాడు టాస్టిగ్. అయితే దొంగల నణచిన కత్తితోనే పెద్దమనుష్యులనుగూడ నణచబోయెను. అదియే ఆతని కొంప ముంచినది.

1063లో సోదరు లిరువురు కలిసి వేల్సు రాజు గ్రిఫిడ్‌పై దండెత్తిరి. అన్న సముద్రమార్గమున, తమ్ముడు భూమార్గమున పోయిరి. గ్రిఫిడ్‌ను ఆతని మనుష్యులే చంపి తల తెచ్చి యిచ్చిరి. విండ్సర్ కొలువులో వీరు జుట్లు పట్టుకొని కొట్టుకొనిరనియు, వీరి నాశనమును ఎడ్వర్డు రాజు ముందే చెప్పెననియు 12వ శతాబ్దపు రచయితలు వ్రాసిరి. ఫలితము తెలిసిన పిమ్మట పుట్టిన కథ లివి. కలిసి జయించిన 1063 నాటికి వీరిమధ్య పగ యుండెననుటకు ఆధారము లేదు.

పగకు బీజము యార్కులో పడినది. సంధి మాటలకని పిలిపించిన గామెల్, ఉల్ఫ్ అను ఇరువురు ప్రముఖులను టాస్టిగ్ తన గృహముననే చంపించెను. 1064 క్రిస్మస్ దినములలో గాస్పాట్రిక్ అను మరొక ఉత్తరదేశ ప్రభువు రాజాస్థానముననే హతుడయ్యెను. తమ్ముని కొరకు రాణియే చంపించినదని లోకము చెప్పుకొనెను. పైగా భరింపరాని పన్నులు. 1065 అక్టోబరులో యార్కు తిరుగబడెను. టాస్టిగ్ అంగరక్షకులు హతులైరి. ధనాగారము, ఆయుధాగారము కొల్లగొట్టబడినవి. ఆ సమయమున టాస్టిగ్ దక్షిణమున రాజుతో వేట యందుండెను. తిరుగుబాటుదారులు మెర్సియా ఎర్ల్ ఎడ్విన్ తమ్ముడైన మార్కార్‌ను తమ ఎర్ల్‌గా నెన్నుకొని దక్షిణమునకు కదలిరి. ఎడ్విన్ తన తమ్మునికి సేనతో తోడువచ్చెను. అచ్చట అన్నదమ్ముల పొత్తు, ఇచ్చట పొరపు!

రాయబారిగా పోయినవాడు హెరాల్డ్. రాజు యుద్ధమే కోరెను. కాని శీతకాలము సమీపించుచుండెను, స్వదేశీయుల రక్తము చిందించుటకు ప్రభువు లిష్టపడకుండిరి. తిరుగుబాటుదారుల కోరికలన్నియు నెరవేరెను. రాజు ముందట టాస్టిగ్ అన్నపై నేరము మోపెను: ఈ తిరుగుబాటును లేపినది హెరాల్డే యని. హెరాల్డ్ ప్రమాణము చేసి తన్ను నిర్దోషిగా తేల్చుకొనెను. జీవితచరిత్రకారుడు ఆ నింద నమ్మ మనసొప్పదని చెప్పుచునే, హెరాల్డ్ ప్రమాణములు చేయుటలో కొంచెము ధారాళమైనవాడని నిట్టూర్చెను. ఆ నిట్టూర్పులో ఎంత అర్థమున్నది!

హెరాల్డ్ తిరుగుబాటును లేపియుండడు. లేచినదానిని తమ్ముని కొరకు అణచుటకు మాత్రము పూనుకొనలేదు. రాజు వృద్ధుడు, సంతానహీనుడు. ఉత్తరదేశము ఎదురుతిరిగినచో హెరాల్డ్‌కు సింహాసనము కల్ల. తరువాత కొలదికాలమునకే ఆతడు ఎడ్విన్, మార్కార్‌ల చెల్లెలిని, గ్రిఫిడ్ వితంతువును, పెండ్లాడెను. తమ్ముని స్థానమున కూర్చున్నవాడు బావమరిది యయ్యెను. ప్రవాసమున నున్న టాస్టిగ్‌కు వేరే సాక్ష్యమేల?

1066 జనవరి 5న ఎడ్వర్డు మరణించెను; మరునాడే హెరాల్డ్ కిరీటము ధరించెను. మే నెలలో టాస్టిగ్ నౌకలతో వచ్చి తీరమును దోచెను. ఎడ్విన్ తరిమికొట్టగా, మిగిలిన 12 నౌకలతో స్కాట్లండు చేరెను. పిమ్మట నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడాతో కలిసెను. సెప్టెంబరు 20న ఫుల్‌ఫర్డ్‌కడ ఎడ్విన్, మార్కార్‌లు వీరి చేతిలో ఓడిరి. అయిదు దినములకే, ఎవరును ఊహింపని వేగముతో, హెరాల్డ్ దక్షిణమునుండి వచ్చి స్టాంఫర్డ్ బ్రిడ్జికడ మీదపడెను.

యుద్ధమునకు ముందొక రౌతు వచ్చి, టాస్టిగ్‌కు రాజ్యములో భాగమిత్తునని అన్న మాటగా చెప్పెననియు, నార్వే రాజున కేమిత్తురని టాస్టిగ్ అడుగగా, ఏడడుగుల నేల, లేదా ఆతని పొడవునకు తగినంత, యని బదులిచ్చెననియు, ఆ రౌతు స్వయముగా హెరాల్డేననియు ఐస్‌లండు రచయిత స్నోరి వ్రాసెను. అది ఇంచుమించు 160 ఏండ్ల తరువాతి రచన. దానిని చరిత్రయని ఒప్పుకొనుట కష్టము. నార్వే రాజును టాస్టిగ్‌ను ఆ దినముననే కూలిరి. 300 నౌకలలో వచ్చిన సేనలో బ్రతికినవారిని కొనిపోవుటకు 24 నౌకలు చాలినవి. టాస్టిగ్ శవమును భుజముల నడుమ నున్న పులిపిరిని బట్టి గుర్తించి యార్కులో పూడ్చిపెట్టిరని పిమ్మటి చరిత్రకారుడొకడు చెప్పెను.

మూడు దినములకు విలియము దక్షిణ తీరమున దిగెను. అక్టోబరు 14న హేస్టింగ్సుకడ హెరాల్డ్, గిర్త్, లియోఫ్విన్ మువ్వురును నేలకొరిగిరి. బాల్యముననే బందీగా నార్మండీకి కొనిపోబడిన వుల్ఫ్‌నోత్ ఒక్కడే బ్రతికియుండెను. ఆతని జీవితమంతయు చెరలోనే గడచినది. పుట్టినింటివారి వైభవమును చెప్పించుకొనుటకై రాణి ఈడిత్ మొదలుపెట్టించిన గ్రంథము అప్పటికింకను పూర్తికాలేదు. రచయిత మిగిలిన భాగములో అన్నదమ్ముల ప్రస్తావన విడిచి, గతించిన రాజు భక్తిమహిమలను వ్రాసి ముగించెను.